కనబడని గడి

మార్చి ఇరవై ఆరు, బుధవారం. ఆ పొద్దున ఆయన తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం అక్క తిన్నది. ఇదంతా ఆయనకు గుర్తుండటంలో వింతేమీ లేదు. ఏది ఏ తేదీన చేతికందిందో మనసులో వేసుకోవడం ముప్పై అయిదేళ్ల అలవాటు. అక్క అప్పుడప్పుడు పరీక్ష పెట్టేది.

"మొన్న సోమవారం ఏం వండాన్రా?"

"నువ్వు వండలేదు. మోకాలు నొప్పని పడుకున్నావు. నేను బంగాళాదుంపలు ఉడకేశాను."

"ఉప్పేశావా?"

"మర్చిపోయాను."

"మర్చిపోయింది కూడా మర్చిపోవు కదా," అని ఆమె నవ్వేది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా ఆయన కంటి ఆస్పత్రి వెనక మెట్లు ఎక్కుతున్నాడు. చేయి కమ్మీ మీద ఉంది. రెండో అంతస్తు మలుపులో ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, ఆగలేదన్నట్టు మళ్లీ కదిలాడు. మూడో అంతస్తు చివర ఆయన గది. ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకునే గది అది. ఇప్పటికీ వానాకాలంలో గోడలు తడి దుప్పటి వాసన వేస్తాయి. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, గోడకు ఒక ఫ్యాను. తలుపు పైసగం అద్దం. ఆ గదిలో మొబైలుకు సిగ్నలు రాదు, ఆస్పత్రి వైఫై ఒక్కటే అందుతుంది. ఎవరికైనా ఫోను చేయాలంటే కింద గేటు దాకా దిగాలి.

ఆస్పత్రిలో అందరూ ఆయన్ని ఇన్వర్డ్ బాబాయ్ అంటారు. ఇరవై రెండో ఏట కింద మూడో నంబరు కిటికీలో, ఇన్వర్డ్ అని రాసిన బోర్డు కింద కూర్చున్నాడు. బయటినుంచి వచ్చే ప్రతి దరఖాస్తూ ఆ కిటికీలోంచే లోపలికి రావాలి. కిటికీ ఎత్తు ఎవరు కొలిచారో గానీ, కూర్చున్నవాడికి నిలబడ్డవాళ్ల ముఖాలు కనబడేవి కావు. చేతులే కనబడేవి. గాజుల చేతులు, సున్నం చేతులు, వేలు లేని చేయి, వణికే చేయి. పదహారేళ్లు ఆయన చేతులు చూశాడు. కాగితం తీసుకోవడం, పుస్తకంలో ఎక్కించడం, నంబరు రాసిన చీటీ చింపి ఆ చేతిలో పెట్టడం. నంబరు చీటీ లేకుండా ఒక్క చేతినీ వెనక్కి పంపలేదు. చేతులు చూసి చూసి మనుషుల్ని మర్చిపోతున్నావని భార్య వెక్కిరించేది. ఆమె పోయి పన్నెండేళ్లయింది.

కిటికీ మూసేస్తారని ముందే తెలిసి, ముప్పై ఆరో ఏట సాయంత్రం కాలేజీలో చేరి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. క్లాసులో అందరికన్నా పెద్దవాడు. లెక్చరరు కూడా మొదట్లో లేచి నిలబడేవాడు, ఎవరో తండ్రి వచ్చాడనుకుని. కిటికీ పోయింది, దానితోపాటు ఉద్యోగమూ పోయింది. అదే ఆస్పత్రి ఒక కాంట్రాక్టరు ద్వారా ఆయన్ని మళ్లీ పిలిచి, ఆ కిటికీ చేసే పనిని కంప్యూటరు చేత చేయించమంది. పంతొమ్మిదేళ్లుగా ఏడాదికి ఒక్కసారి కాగితం మీద సంతకం పెట్టించుకుంటూనే ఉన్నారు, ఇదే చివరి ఏడాది అన్నట్టు.

కుర్చీలో కూర్చుని తెర తుడిచి, నిన్న వచ్చిన రిక్వెస్టుల వరసలు తెరిచాడు. పొద్దున్నే పేపరు చదివినట్టు వాటిని చదువుతాడు. వేరేవాళ్లకు అవి చీమలబారు. ఆయనకు వచ్చిపోయిన మనుషులు. ఎక్కడో ఒకరు ఫోనులో ఒక బొత్తాం నొక్కితే, బ్రౌజరు అక్షరాల మూట ఒకటి కట్టి పంపుతుంది. మొదటి వరసలో ఏ పని మీద వచ్చిందీ, ఏ గదికి వెళ్లాలన్నదీ ఉంటుంది. కింది వరసల్లో ఏ ఫోనునుంచి, ఏ భాష చదవగలరు, ఇంతకుముందు మనమిచ్చిన గుర్తు ఏదైనా దగ్గరుందా. ఆ తర్వాత ఒక ఖాళీ వరస. ఆ ఖాళీ వరస దాటాకే మనిషి తన సంగతి చెప్పుకుంటాడు. మొదటిసారి ఇది చదివినప్పుడు ఆయనకు ముచ్చటేసింది. కిటికీ దగ్గరా అంతే. పేరూ ఊరూ అయ్యాక ఒక్క క్షణం గుటక వేసి, అప్పుడు చెప్పేవాళ్లు.

ఆ మూటను విప్పే పని ఆయన రాయనక్కర్లేదు. దానికి ఎవరో పుణ్యాత్ములు రాసి పెట్టిన చట్రం ఉంది, ఫ్రేమ్‌వర్కు అంటారు. అది మూట విప్పి, దేని అరలో దాన్ని సర్ది, ఒక కట్టగా చేసి మొదటి బల్ల మీద పెడుతుంది. అక్కడినుంచి వరసగా తనిఖీ బల్లలు. ఒక బల్ల గుర్తు చీటీ చూస్తుంది, ఒకటి మనిషెవరో పోల్చుకుంటుంది, ఒకటి దొంగ ఉత్తరం కాదు కదా అని చూస్తుంది. ఏ బల్ల అయినా కట్టను ముందుకు జరపవచ్చు, లేదా అక్కడినుంచే వెనక్కి పంపవచ్చు. అన్నీ దాటితే లోపలి గదికి చేరుతుంది. జవాబు మళ్లీ అవే బల్లల మీదుగా, చివరినుంచి మొదటికి, బయటికి నడుస్తుంది. అందులో ఆయనకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. మనిషి రాసి పంపినదాని మీద లోపల ఎవరూ కొట్టివేత పెట్టలేరు, చట్రం ఒప్పుకోదు. మార్చాలంటే నకలు తీసుకుని నకలు మీద మార్చుకోవాలి. అసలు అసలుగానే ఉంటుంది.

తొమ్మిదింబావుకు బల్ల మీది ఫోను మోగింది. వెబ్ పేజీ అడుగున ఉన్న నంబరు అది, బయటినుంచి వచ్చేవే తప్ప దాన్నుంచి బయటికి పోవు. రోజుకు పది ఫోన్లు వస్తే ఆరుగురు ఆస్పత్రిలో క్యాంటీను ఎటువైపని అడుగుతారు. ఆయన అదీ ఓపికగా చెబుతాడు.

"కంటాస్పత్రి కంప్యూటరు వాళ్లేనా అండీ?" ఆడగొంతు. నడివయసు.

"అవునమ్మా. చెప్పండి."

"నేను బట్టలు కుట్టే మనిషినండి. కుడి కన్ను పోయింది. ఎడమదీ చాలావరకు పోయింది. ఈ ఏడాది ఆపరేషన్ల జాబితాలో పడితే ఉన్నది నిలుస్తుందట. వచ్చే ఏడాదికైతే కోసీ లాభం లేదన్నారు డాక్టరమ్మ. మూడుసార్లు పెట్టాను. కౌంటరుకొచ్చి అడిగితే మూడుసార్లూ పేరు లేదన్నారు."

చాలా కిటికీల దగ్గర చెప్పీ చెప్పీ పొట్టి చేసుకున్న మాటలవి. ఆయన కలం తీశాడు.

"నంబరు ఎంతొచ్చిందమ్మా?"

"నంబరేం రాలేదండి. మీ దరఖాస్తు అందింది, ధన్యవాదాలు, అంది."

"నంబరు లేకుండానా? సరిగ్గా విన్నారా?"

"కళ్లు పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయండి. ధన్యవాదాలంది. ఎవరైనా ధన్యవాదాలన్నాక ఇంకేం అడుగుతాం, వచ్చేశాం."

"ఎలా నింపారో వరసగా చెప్పండి."

"ఫోనే చదివి చెబుతుంది కదండీ. అది అడిగింది అడిగినట్టు చెప్పాను. పేరు. వయసు. ఊరు. ఫోను నంబరు. రెండో ఫోను నంబరు. నాకున్నది ఒక్కటేనండి, ఎదురింటి మెకానిక్కుది ఇచ్చాను. అతన్నడిగే ఇచ్చాను. తర్వాత కంటి సంగతి..."

కలం ఆగిపోయింది.

"ఉన్నారా అండీ? లైను పోయిందా?"

"ఉన్నానమ్మా."

"ఇవాళ అయిదింటికి జాబితా మూసేస్తారటగా."

"అవును."

"మరి?"

"ఫోను దగ్గర పెట్టుకోండి," అన్నాడాయన.

ఆ దరఖాస్తులో రెండో ఫోను నంబరు అనే గడి లేదు. అంటే, ఉంది. కనబడదు. పోయిన జూలైలో రోబోలు పడ్డాయి. మనుషులు కావు, ఎక్కడెక్కడినుంచో ప్రకటనలు గుప్పించే ప్రోగ్రాములు. జుట్టు మందులూ జాతకాలూ కంటి దరఖాస్తుల్లో వచ్చి పడ్డాయి. ఎలాగైనా ఆపమని మేనేజరు పట్టుబట్టి కూర్చున్నాడు. అప్పుడు ఆయన ఎక్కడో చదివిన ఉపాయం ఒకటి పెట్టాడు. పేజీలో ఒక గడి అదనంగా ఉంచి, దాన్ని తెర అంచుకు అవతలికి నెట్టేశాడు. మనిషికి కనబడదు కాబట్టి నింపడు. రోబో కనబడ్డవీ కనబడనివీ అన్నీ నింపుతుంది. ఆ గడి నిండి వస్తే మొదటి బల్ల దగ్గరే కట్టను పక్కకు పడేసి, అందింది ధన్యవాదాలు అని చెప్పి పంపేయాలి. కాదు పొమ్మంటే రోబో ఇంకో దారిన వస్తుంది, అందుకని మర్యాద. పడేసినవాటిని మాత్రం తేదీతో సహా ఒక ఫైలులో వేస్తూ పోయాడు. పారేసేదాన్నయినా ఎక్కించి పారేయడం కిటికీనాటి బుద్ధి. నెల నెలా ఆ ఫైలులో ఎన్నున్నాయో ఒక అంకె మేనేజరుకు వెళ్లేది. అడ్డుకున్న రోబోలు అని ఆకుపచ్చ రంగులో. మీటింగులో చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆ మాట అక్కకు చెప్పాడు కూడా.

తెరను చదివి వినిపించే ఫోనుకు అంచు లేదు, అవతల లేదు. పేజీలో ఏముంటే అది చదువుతుంది. దీన్ని చదవకు అని దానికి చెప్పడానికి ఒకే ఒక్క మాట రాయాలి. ఆయన రాయలేదు. గడి కనబడటం లేదని తేల్చుకున్నది తన రెండు కళ్లతో చూసి.

పేజీలమ్మాయి తొమ్మిదిన్నరకు వచ్చింది. దరఖాస్తు పేజీలు ఎలా కనబడాలో తీర్చిదిద్దే మనిషి. నలభై దాటింది, ఇద్దరు బిడ్డల తల్లి. ఆయనకు మాత్రం పదేళ్లుగా అమ్మాయే.

"ఏంటి బాబాయ్, ముఖం అలా మాడ్చుకున్నారు. ఇంట్లో మీ అక్కగారు తిట్టారా?"

"అమ్మాయ్, ఇటు రా. కళ్లు మూసుకో."

"బహుమతా?" అంటూనే మూసుకుంది.

ఫోనులో చదివి వినిపించేది ఆన్ చేసి ఆమె చేతిలో పెట్టాడు. "మన దరఖాస్తు. నింపు."

ఆమె నవ్వుతూ మొదలుపెట్టింది. ఫోను నెమ్మదిగా, ఎవరిమీదా కోపం లేని గొంతుతో, ఒక్కో గడి అడుగుతోంది. పేరు రాయండి. వయసు రాయండి. ఆమె వేలు తడబడి, "ఎనభై ఏళ్లు పడింది, పోనివ్వండి," అంది. ఫోను నంబరు రాయండి. రెండో ఫోను నంబరు రాయండి. వేలు గాలిలో ఆగిపోయింది. ఆమె కళ్లు తెరవలేదు.

"బాబాయ్. ఇది..."

"అదే."

"మనది కంటాస్పత్రి కదా, బాబాయ్," అంది ఆమె, ఎవరో తనకు తప్పు చిరునామా ఇచ్చినట్టు.

ముందు ఆ గడి తీసేశారు. తర్వాత ఫైలు తెరిచారు. ఆరు వందల పదకొండు. పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటే చదివారు. రోబోలు తెలిసిపోతూనే ఉన్నాయి, నూట తొంభై ఎనిమిది. మిగిలినవి నాలుగు వందల పదమూడు. ఒకే మనిషి రెండుసార్లూ మూడుసార్లూ పెట్టినవి కలిపేస్తే రెండు వందల ఎనభై ఆరుగురు. ఎనిమిది నెలల్లో రెండు వందల ఎనభై ఆరుగురిని ఆస్పత్రి రోబోలని రాసి చప్పట్లు కొట్టుకుంది.

కంటి సంగతి అనే గడిలో వాళ్లు రాసినవి చదువుతుంటే ఆయన చెవులు వేడెక్కాయి. దీపం చుట్టూ రంగులు కనబడుతున్నాయి. మెట్టు ఎక్కడుందో కాలితో వెతుకుతున్నాను. బస్సు నంబరు అడిగితే కుర్రాళ్లు తప్పు చెప్పి నవ్వుతున్నారు. మనవరాలు పెద్దదైందట. ఒకాయన బడిలో లెక్కల మాస్టారు, ఇప్పుడు అదే బడిలో గంట కొడుతున్నానని, ఆ పని మాత్రం తప్పకుండా చేస్తున్నానని రాశాడు. ఒకామె మూడోసారి పెట్టినప్పుడు చివర, ఇంతకుముందు ఏమైనా తప్పు రాసి ఉంటే మన్నించండి, అంది. బట్టలు కుట్టే ఆమే అది. సూదిలో దారం నాలికతో ఎక్కిస్తున్నానని కూడా రాసింది.

"మన్నించమంటోంది," అన్నాడాయన. "మనల్ని."

పేజీలమ్మాయి లేచి తలుపు దగ్గరికి వెళ్లి, ముక్కు తుడుచుకుని వచ్చింది.

మేనేజరు రెండున్నరకు గానీ దొరకలేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, గదిలో చల్లటి గాలి, బల్ల మీద ఒక్క కాగితం కూడా లేదు. చెడ్డవాడనడానికి లేదు. లిఫ్టు తలుపు పట్టుకుని ముసలివాళ్ల కోసం ఇతను ఆగడం ఆయన ఎన్నోసార్లు చూశాడు.

"కూర్చోండి, ఇన్వర్డ్ గారూ. ఎంతమంది అన్నారు?"

"రెండొందల ఎనభై ఆరు, సార్. అయిదు లోపల జాబితాలోకి ఎక్కించేస్తాను. వాళ్లు మొదటిసారి పెట్టిన తేదీ ప్రకారం."

"తేదీ ప్రకారమా? అంటే ఇప్పుడు ముందున్నవాళ్లు వెనక్కెళ్తారు."

"ముందొచ్చింది వీళ్లు, సార్."

"అదెలా తెలుస్తుంది బయటవాళ్లకి? పోయిన వారం లిస్టు చూసుకున్నవాడు రేపు చూసుకుంటే వందో నంబరు కాస్తా రెండొందలవుతుంది. గొడవ ఎవరు పడాలి?"

"పడదాం, సార్. తప్పు మనది."

"తప్పు మీది," అన్నాడు మేనేజరు. కోపంగా కాదు. సరిదిద్దుతున్నట్టు. "ఆ కోడు రాసింది మీరే కదా."

"నేనే. అందుకే నేనే ఎక్కిస్తానంటున్నాను."

మేనేజరు కుర్చీ కొంచెం తిప్పాడు. "చూడండి. ఎనిమిది నెలలుగా బోర్డుకి రిపోర్టు వెళ్తోంది. రోబోలు అని రాసి పంపాం. ఇప్పుడు రోబోలు కాదు, మనుషులు అని ఎలా రాయను? నన్ను ఏమంటారు?"

"ఏమంటే అది పడదాం, సార్."

"మీకేం, అంటారు. ఒక పని చేద్దాం. ఆ గడి తీసేశారు కదా, మంచిది. వచ్చే ఏడాది వాళ్లే మళ్లీ పెట్టుకుంటారు. సాంకేతిక కారణాల వల్ల కొన్ని దరఖాస్తులు అందలేదని పేజీలో నోటీసు పెట్టేద్దాం. పెద్దక్షరాలతో."

పంతొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలో ఎవరున్నా సార్ అన్న మనిషి ఆయన.

"పెద్దక్షరాలతో," అన్నాడు. "ఎవరు చదువుతారు బాబూ దాన్ని?"

మేనేజరు ముఖం ఎర్రబడింది. ఆ మాట తనకూ అప్పుడే తట్టినట్టు చూపు బల్ల మీదికి దించాడు. కానీ దించిన చూపుతోనే, "నేను వద్దంటున్నాను. అంతే," అన్నాడు.

మెట్లు ఎక్కుతున్నప్పుడు ఆయన మలుపు దగ్గర ఆగలేదు. ఊపిరి అందకపోయినా ఆగలేదు. ఒక మనిషి మూడుసార్లు తలుపు తడితే మూడుసార్లూ దండం పెట్టి, ధన్యవాదాలు చెప్పి, ఆమె కాగితం చెత్తబుట్టలో వేశాం. పోనీ పొమ్మన్నామా అంటే అదీ లేదు. పొమ్మంటే ఇంకో ఆస్పత్రికైనా పోయేది. కిటికీలో కూర్చున్న పదహారేళ్లలో ఆయన విసుక్కున్నాడు, ఒకసారి అరిచాడు, మధ్యాహ్నం నిద్ర తూగాడు కూడా. అబద్ధం చీటీ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఆ పని చేయడానికి ఆయనకు కంప్యూటరు కావలసి వచ్చింది.

గదిలోకి వచ్చి, "అమ్మాయ్, నువ్వు కిందికెళ్లి టీ తాగిరా. ముప్పావుగంట తాగు," అన్నాడు.

"ముప్పావుగంట తాగడానికి అది టీయా, సెలైనా?"

"చెప్పిన మాట విను. రేపు ఎవరైనా అడిగితే నువ్వు గదిలో లేవు."

ఆమె వెళ్లలేదు. కుర్చీ ఎత్తి గోడవైపు తిప్పుకుని కూర్చుంది. "నాకేం కనబడటం లేదు, మీరు కానివ్వండి," అంది.

మూడూ ఇరవైకి మొదలుపెట్టాడు. దాచిన ఒక్కో దరఖాస్తుకు నకలు తీయాలి. నకలు మీద ఆ ఒక్క గడి ఖాళీ చేయాలి. మళ్లీ ఒక కట్టగా కట్టి మొదటి బల్ల మీద పెట్టాలి. లోపలి గదికి ఒక అలవాటుంది, కట్ట చేరిన క్షణాన్నే అందిన తేదీగా వేసుకుంటుంది. అలా వదిలేస్తే రెండు వందల ఎనభై ఆరుగురూ ఈరోజు వచ్చినవాళ్లవుతారు, జాబితా అడుగున పడతారు, ఆపరేషన్లు వాళ్లదాకా రావు. ఆ తేదీ వేసే చోట నాలుగు వరసలు మార్చాడు. అందిన తేదీ అంటే అందిన తేదీయే. మొదట బట్టలు కుట్టే ఆమెది పంపాడు. మొదటి బల్ల జరిపింది. రెండోది, మూడోది. తెర మీద వరసలు ఒకటొకటిగా కిందికి దిగుతున్నాయి. లోపలి గది తెరుచుకుంది. జవాబు అదే దారిన వెనక్కి వచ్చింది, చేతిలో నంబరుతో. నూట ముప్పై ఏడు.

మిగతావి ఒక్కసారే వదలవచ్చు. ఆయన వదలలేదు. పదేసి చొప్పున పంపి, ప్రతి పదికీ పేర్లు సరిచూశాడు. లెక్కల మాస్టారిది ఎనభై రెండు. మనవరాలి తాతది రెండు వందల తొమ్మిది. గోడవైపు తిరిగి కూర్చున్న అమ్మాయి, "ఎంతయింది?" "ఇంకా ఎంత?" అని అడుగుతూనే ఉంది. నాలుగూ నలభై ఆరుకు ఆఖరుది లోపలికి వెళ్లింది. అయిదు గంటలకు జాబితా దానంతటదే మూసుకుంది. మూసుకోగానే అందరి ఫోన్లకూ నంబర్లు వెళ్లిపోయాయి, డాక్టర్ల గదులకూ మేనేజరుకూ జాబితా వెళ్లిపోయింది. ఇక ఎవరూ వెనక్కి లాగలేరు.

ఆయన లేచి నడుము సాచాడు. "బట్టలు కుట్టే ఆమెకు నేనే చెబుతాను. కింద సిగ్నలు వస్తుంది. ఇప్పుడే వస్తా," అని మొబైలూ ఆమె నంబరు రాసుకున్న కాగితమూ తీసుకుని దిగాడు.

గేటు పక్కన నీడలో నిలబడి ఫోను చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"నంబరొచ్చిందండీ. నూట ముప్పై ఏడు. ఫోను చదివింది. నమ్మక మళ్లీ చదివించాను. మళ్లీ అదే చెప్పింది. ఎదురింటి మెకానిక్కుని పిలిచి చూపించాను, అతనూ అదే అన్నాడు."

"నిజమేనమ్మా. వచ్చే నెల మొదటి వారంలో పిలుస్తారు."

"ఇంతకుముందు నేనేం తప్పు చేశానంటారు?"

"మీరేం తప్పు చేయలేదు. తప్పు నాది. పేజీలో ఒక గడి తప్పుగా పెట్టాను. మూడుసార్లూ దానివల్లే పోయింది."

అవతల కుట్టు మిషను కాదు, ఏదో బండి ఇంజను చప్పుడు.

"ఎనిమిది నెలలండీ," అంది ఆమె.

"అవునమ్మా."

"తిడదామనే ఉంది. రేపు తిడతాను. ఇవాళ ఓపిక లేదు." తర్వాత, ఇంకొంచెం మెత్తగా, "భోజనం చేశారా?" అని అడిగింది.

చేయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి వచ్చి మెట్ల కింది తలుపు దగ్గర తన కార్డు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్ర దీపమే. గార్డు తన స్టూలు మీదినుంచి లేచి వచ్చాడు. పదకొండేళ్లుగా పొద్దున్నే ఒకరినొకరు చూసి తలాడించే మనుషులు.

"బాబాయ్ గారూ," అన్నాడు గార్డు, తన ఫోను ఆయనకు చూపించాలా వద్దా అన్నట్టు అటూ ఇటూ తిప్పుతూ. "అయిదూ అయిదుకి మెసేజొచ్చింది. మీ పేరు తీసేశారంట. లోపలికి పంపొద్దన్నారు."

"ఎవరు?"

"కాంట్రాక్టరు ఆఫీసు. కారణం రాయలేదు."

ముప్పై అయిదేళ్లుగా పనిచేసిన మనిషిని బయట పెట్టడానికి అయిదు నిమిషాలే పట్టింది. ఒక మనిషి ఎదురుగా వచ్చి చెప్పవలసిన మాట అది, కూర్చోబెట్టి, ముఖం చూసి. దానికి కూడా ఒక దీపం పెట్టారు. ఆయన కాసేపు ఆ ఎర్రటి చుక్కను చూస్తూ నిలబడ్డాడు. గార్డు స్టూలు తెచ్చి ఆయన వెనక వేశాడు, భుజం మీద కొద్దిగా నొక్కి కూర్చోబెట్టాడు, తన సీసాలోంచి నీళ్లిచ్చాడు.

"నేను ఒక్క నిమిషం అటు తిరిగుంటాను, వెళ్లి మీ సామాన్లు తెచ్చుకుంటారా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"వద్దులే. నీ ఉద్యోగం నీకుండనీ."

పేజీలమ్మాయి ఆయన సంచీ, భోజనం డబ్బా, గొడుగు పట్టుకుని దిగింది. ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు. ఏడవలేదు గానీ మెట్ల మీద పరిగెత్తడం వల్ల మాట అందలేదు.

"నేనూ మానేస్తాను, బాబాయ్."

"పిచ్చిదానా. నువ్వు మానేస్తే ఆ గడి మళ్లీ ఎవడో పెడతాడు. నువ్వుండు. పేజీ మార్చిన ప్రతిసారీ కళ్లు మూసుకుని ఒకసారి నింపు. ఒట్టు."

"ఒట్టు."

"డబ్బా మూత గట్టిగా పెట్టావా? అన్నం అలాగే ఉంది. అక్క చూస్తే ఊరుకోదు."

ఆయన నడిచి వెళ్లిపోయాడు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ రెండుసార్లు చూడటం, బస్సు స్టాపులో ఎవరో జరిగి చోటివ్వడం, ఆయన కూర్చోవడం గార్డూ పేజీలమ్మాయీ చూశారు. మేనేజరు కారు ఆ స్టాపు ముందునుంచే వెళ్లింది, అద్దాలు ఎత్తి ఉన్నాయి.

ఆరున్నరకు ఆమె గది సర్దడానికి మళ్లీ పైకి వెళ్లింది. తన కుర్చీని గోడవైపునుంచి ఇటు తిప్పింది. ఫ్యాను ఆపింది. ఆయన కంప్యూటరు అప్పటికే దానంతటది తాళం పడి ఉంది. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, తాళం తిప్పి, అద్దంలోంచి ఒకసారి లోపలికి చూసింది. ఆయన బల్ల మీద సగం తాగిన నీళ్ల గ్లాసు ఉంది, వచ్చి తాగేలోగా దుమ్ము పడకుండా దాని మీద నాలుగు మడతల కాగితం.